విరగని నుసి

ఇసుక తొట్టిలో గుచ్చుకొని ఉన్న సిగరెట్టు పీకలను చిమటాతో ఒక్కొక్కటిగా లాగుతూ చంద్రమ్మ ఆరో దాని దగ్గర ఆగిపోయింది. ఆరు. పొద్దున కూడా ఆరే. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆరే. చేతిలోని పీకను నల్ల సంచిలో వేసి, మాస్కు సర్దుకొని, ఏడో దాన్ని లాగింది.

ఎయిర్‌పోర్టులో పొగ తాగేవాళ్ళ కోసం కట్టిన ఆ గది పన్నెండు అడుగుల పొడుగు, ఎనిమిది అడుగుల వెడల్పు. మూడు వైపులా అద్దాలు, ఒకవైపు గోడ. సెక్యూరిటీ తనిఖీ దాటి వచ్చినవాళ్ళ జేబుల్లో అగ్గిపెట్టె ఉండదు కాబట్టి గోడకే ఒక కరెంటు లైటరు బిగించారు. ఎంత పెద్ద మనిషైనా ఆ గోడ దగ్గరికి వచ్చి, దానికి ముద్దు పెడుతున్నట్టు మూతి చాపి సిగరెట్టు ముట్టించుకోవలసిందే. పైన పొగ లాగే ఫ్యాను రొద చేస్తూనే ఉంటుంది గానీ లాగేది సగమే. మిగిలిన సగం అద్దాలకూ, సీలింగుకూ, చంద్రమ్మకూ అంటుకుంటుంది.

పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా అరగంటకొకసారి ఆమె లోపలికి వచ్చి తొట్లలో ఇసుక జల్లించి, అద్దాలు తుడిచి, నేల మీద తడిగుడ్డ పెట్టి పోతుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. పొట్టి మనిషి. యాభై మూడేళ్ళు. చీర మీద నీలం కోటు, కోటు జేబులో ఒక గుడ్డ, ఒక చిమటా. సిగరెట్టు నోట పెట్టి ఎరగదు గానీ, పీకను చూసి తాగినవాడి సంగతి చెప్పగలదు. గల్ఫు పనికి పోయేవాళ్ళు దూది కాలేదాకా వదలరు. సగంలో నలిపేశాడంటే విమానం పిలుపు వచ్చిందన్నమాట. కొసన ఎర్రరంగు ఉంటే ఆడమనిషి. ఎప్పుడో ఒకసారి, ఎవరో సిగరెట్టు ముట్టించి అద్దం అంచున పెట్టి ఫోనులో మాటల్లో పడి మరిచిపోతారు. అది తనంతట తానే కాలిపోతుంది. అప్పుడు నుసి రాలదు. దీపావళికి పిల్లలు కాల్చే పాము బిళ్ళలాగా పొడుగ్గా, తెల్లగా, విరగకుండా నిలబడి ఉంటుంది. మనిషి తాగిన సిగరెట్టుకు అట్లా ఉండదు. తాగేవాడి వేలు ఊరుకోదు, చిటుకు చిటుకుమని రాలుస్తూనే ఉంటుంది.

ఈ రోజు ఆమె కళ్ళు పీకల మీద లేవు. పాల్మాకులలో తమ ఇంట్లో, వంటింటి అటక మీద ఉన్న పాత టీ పొడి డబ్బా మీద ఉన్నాయి.

ఆ డబ్బాలో కొడుకు సిగరెట్టు పెట్టె ఉంది. ఏప్రిల్ నెలలో గోవర్ధన్ స్వయంగా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ‘‘అమ్మా, నీ తాన దాచిపెట్టు. నేను కాళ్ళు పట్టుకున్నా ఇయ్యకు’’ అన్నాడు. అందులో ఏడు ఉన్నాయి. పారేస్తే కొత్తది కొనుక్కుంటాడేమోనని పారేయలేదు. రోజూ తెల్లవారుజామున డ్యూటీకి పోయే ముందు డబ్బా దించి, ఏడూ ఉన్నాయని చూసుకొని, మళ్ళీ అటకెక్కించి పోయేది. దేవుడి పటానికి దండం పెట్టుకోవడం ఎన్నడైనా మరిచిపోయిందేమో గానీ, డబ్బా దించడం మరవలేదు. నిన్న పెత్రమాస. చీకటితోనే లేచి పెద్దలకు పెట్టే వంట చేసే హడావుడిలో నిన్న ఒక్కనాడు చూడలేదు. ఈ రోజు చూస్తే ఆరు.

నిన్న గోవర్ధన్ కిరాయికి కారు తీయలేదు. పండుగని పొద్దుటి పూట ఇంట్లోనే ఉన్నాడు.

వాడే. ఇంకెవరు?

* * *

గోవర్ధన్‌కు ఇరవై నాలుగో ఏట మొదలైంది. దువ్వెనకు, దిండుకు, స్నానాల గది జాలీకి ఎక్కడ చూసినా వెంట్రుకలే. ఇరవై ఏడుకు నెత్తి మీద నడిమధ్య కొంచెం, చెవుల పైన కొంచెం మిగిలాయి. తాత గోపయ్యది కూడా బట్టతలే, అయితే ఆయనకు యాభై దాటాక వచ్చింది. నెత్తికి రుమాలు చుట్టుకొని తిరిగేవాడు, ఎవరూ పట్టించుకోలేదు. గోవర్ధన్ మాత్రం టోపీ పెట్టాడు. నల్ల టోపీ. ఎండలో, వానలో, ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా అదే. కారు ఎక్కిన ప్యాసింజర్లు, తమకంటే చిన్నవాణ్ణి, అద్దంలో చూసి ‘‘అంకుల్, జర ఏసీ పెంచు’’ అనేవాళ్ళు. చెల్లెలు భాగ్యలక్ష్మి పెళ్ళిలో ఫొటోగ్రాఫరు ‘‘టోపీ తియ్యన్నా, ఒక్క ఫొటో’’ అన్నందుకు మండపం దిగిపోయి, సాయంత్రం దాకా వంట డేగిసాల దగ్గరే నిలబడ్డాడు. పెళ్ళి ఆల్బం మొదటి నుంచి చివరిదాకా తిప్పినా అన్న కనబడడు. చంద్రమ్మ ఆ ఆల్బం ఒకసారి చూసి బీరువాలో అడుగున పెట్టేసింది.

ఎయిర్‌పోర్టు పార్కింగులో బుకింగు కోసం గంటల తరబడి వరుసలో ఉండటం, ఆ ఎదురుచూపులో సిగరెట్టు కాల్చడం వాడికి అలవాటైంది. రోజుకు పది. జుట్టు నాటే ఆపరేషను చేయించుకోవాలని అత్తాపూర్‌లో డాక్టరు దగ్గరికి పోతే, తోడుగా చంద్రమ్మ పోయింది. డాక్టరు పేరు స్వర్ణలత. ఆమె చెప్పిన మాటలు చంద్రమ్మకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

‘‘మీ తల వెనక నుంచి కుదుళ్ళు తీసి ముందు నాటుతాం. నాటిన కుదురు బతకాలంటే దానికి రక్తం అందాలి. పొగ తాగితే సన్నటి రక్తనాళాలు ముడుచుకుపోతాయి. అప్పుడు కొన్ని కుదుళ్ళు చచ్చిపోవచ్చు, పుండ్లు మానడం ఆలస్యం కావచ్చు. అందుకని ముందు నాలుగు వారాలు, తర్వాత కనీసం నాలుగు వారాలు సిగరెట్టు ముట్టుకోకూడదు. పూర్తిగా మానేస్తే మరీ మంచిది. పక్కవాళ్ళు తాగే పొగలో కూడా కూర్చోకండి.’’

చివరి మాట చంద్రమ్మ గుండెల్లో సూదిలా దిగబడింది. పక్కవాళ్ళు అంటే ఎవరు? ఆ ఇంట్లో పొగ మోసుకొచ్చేది తనే. రోజుకు ఎనిమిది గంటలు పొగ గదిలోకి పోయి వచ్చేది తనే.

ఆ రోజు నుంచి ఆమె ఇంట్లోకి తిన్నగా అడుగు పెట్టలేదు. వెనక గోడ వెంబడి పోయి, బయటి స్నానాల గదిలో కుంకుడుకాయతో తలంటుకొని, చీర మార్చుకొని, విడిచిన బట్టలు మూత ఉన్న బకెట్లో వేసి అప్పుడు లోపలికి వచ్చేది. రోజూ తలంటి తలంటి ఆమె జుట్టే పీచులాగా అయింది. భర్త శివయ్య వరండాలో కూర్చొని బీడీ ముట్టిస్తుంటే చీపురు చేతబట్టుకొని ‘‘పో, గా రోడ్డు మీదికి పో! పోరని తల కోసిన్రు, నీకు కనబడ్తలేదా?’’ అని తరిమింది. అతను లేచి బయటికి పోయాడు. ప్లాట్ల వెంచరులో కాపలా పని అతనిది, పగలంతా అక్కడే ఉంటాడు. తాగితే అక్కడ తాగుతాడు, తన కొంప మీదికి రాకపోతే చాలనుకుంది. కొడుకు అన్నానికి కూర్చుంటే కంచం జరిపేది గానీ దగ్గర కూర్చునేది కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆపరేషను అయినప్పటి నుంచి వాడి తల ముట్టుకోలేదు. నాలుగున్నర నెలలు.

మే నెలలో ఆపరేషను అయింది. మూడో వారం నాటిన వెంట్రుకలన్నీ రాలిపోయాయి. రాలతాయనీ, కుదురు లోపలే ఉంటుందనీ, మూడు నాలుగు నెలలకు కొత్తవి వస్తాయనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పినా సరే, దిండు మీద వాటిని చూసి చంద్రమ్మ ఆ మాట నమ్మలేకపోయింది. వయసులో పాల్మాకుల పొలాల్లో ఎన్ని మళ్ళు నాటు వేసిందో ఆమెకే తెలియదు. నాటిన నారు మొదట పచ్చదనం పోయి వాలిపోతుందనీ, వారం తిరిగితే లేస్తుందనీ ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. కానీ అది మడి. ఇది కొడుకు తల.

ఆగస్టులో సన్నటి నూగు వచ్చింది. సెప్టెంబరుకు కొంచెం నలుపు తిరిగింది. కుడి నొసటి పైన మాత్రం రూపాయి బిళ్ళంత మేర నున్నగా అట్లాగే ఉండిపోయింది. గోవర్ధన్ టోపీ తీయలేదు. ‘‘అంతా పడితేనే తీస్త. లేకపోతే ఇగ జిందగీల తీయ’’ అన్నాడు ఒకరోజు, అద్దం ముందు నిలబడి, ఆమె వింటున్నదని తెలియక.

ఈ రోజు నాలుగు గంటలకు డాక్టరమ్మ ఆ బిళ్ళ మేర చూస్తానంది. ఈ రోజే డబ్బాలో ఒకటి తగ్గింది.

* * *

‘‘దుకాణంల సిగరెట్లు ఒడిసినయా అక్కా?’’ అంది మైమూనా, టిఫిను డబ్బా మూత తీస్తూ. ఆమెది పక్కనే ఆడవాళ్ళ బాత్రూముల డ్యూటీ. ‘‘దునియాల గా ఏడే ఉన్నయా? తాగాలనుకుంటే నీ డబ్బల చేయి పెడతడా? పాన్ డబ్బా కాడికి పోతడు గాని.’’

‘‘మరి ఏడుండాలె, ఆరెట్లయినయ్?’’

‘‘ఎలుక తిన్నదేమో.’’

‘‘నీకు నవ్వులాటగున్నది. గా బిళ్ళంత జాగ ఎందుకు మొలవలేదో ఇప్పుడు ఎరుకైంది నాకు. చాటుకు తాగుతున్నడు. ఎప్పటి సంది తాగుతున్నడో.’’

‘‘నిన్నటి దాంక ఏడున్నయంటివి గదా?’’

‘‘ఇవి ఏడున్నయ్. బయట ఎన్ని తాగిండో ఎవలకెరుక?’’

మైమూనా నవ్వు ఆపుకోలేక డబ్బా పక్కకు పెట్టింది. ‘‘అల్లా! పొద్దుగాల లేసిన కాన్నుంచి పరేషాన్ కానీకె ఏమన్న ఒకటి దేవులాడుకుంటవ్ అక్కా నువ్వు. నా కొడుకు హమ్జా ఉన్నడు, వాని నెత్తి నిండ బొచ్చే, లోపలనే ఏం లేదు. తిను, చపాతి సల్లారుతున్నది.’’

చంద్రమ్మ రెండు ముక్కలు తుంచి నోట్లో పెట్టుకుంది. సూపర్‌వైజరును పొగ గది మార్చమని మూడుసార్లు అడిగింది. ఆ గది ఇంకెవరూ ఒప్పుకోవడం లేదన్నాడు. తన పాపం తన కోటుకే అంటుకొని ఉందనిపించింది ఆమెకు. సగం వాడి సిగరెట్టు, సగం తన బట్టల పొగ. రెండూ కలిసి ఆ బిళ్ళంత మేర కుదుళ్ళను చంపేశాయి. డాక్టరమ్మ అదే చెబుతుంది. వీడు ఇంకో నలభై ఏళ్ళు టోపీ పెట్టుకొని బతుకుతాడు. తన పాడె దగ్గర కూడా టోపీతోనే నిలబడతాడు.

తొట్టి దగ్గరికి పోయి పన్నెండో పీక తీసింది.

* * *

రెండున్నరకు శంషాబాద్ బస్టాపులో గోవర్ధన్ కారుతో నిలబడి ఉన్నాడు. ఇంటికి పోయి తలంటుకునే వ్యవధి లేదు. లాకరు గదిలో చీర మార్చుకొని, ముఖం, మెడ, చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కొని వచ్చింది. కొడుకు ముందు తలుపు తీశాడు. ఆమె వెనక తలుపు తీసుకొని కూర్చుంది.

‘‘ముంగట కూసో అమ్మా. సవారీ లెక్క ఎనక కూసుంటవేంది?’’

‘‘నడువు నువ్వు’’ అని అద్దం పూర్తిగా దించుకుంది. దుమ్ము, లారీల హారన్లు లోపలికి వచ్చాయి. కారులో సిగరెట్టు వాసన ఉందేమోనని ముక్కు ఎగబీల్చి చూసింది. ఉంది. కానీ అది కారుదా, తనదా? తొమ్మిదేళ్ళ పొగ తిన్న ముక్కు అది, మల్లెపూలు పెట్టుకున్నా పొగ వాసనే వస్తుంది. ఆ ముక్కును నమ్మి కొడుకును అడగలేకపోయింది. అత్తాపూర్ దాకా వాడి మెడ వెనక, టోపీ కింద కనబడే వెంట్రుకలను చూస్తూ కూర్చుంది.

డాక్టరు స్వర్ణలత గదిలో ఎత్తు కుర్చీ, దాని పక్కన ఒక తెర, తెరకు తీగతో కలిపిన చిన్న కెమెరా ఉన్నాయి. గోవర్ధన్ కుర్చీలో కూర్చొని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

‘‘మందులు సరిగ్గా వాడుతున్నారా?’’

‘‘వాడుతున్న మేడం.’’

‘‘సిగరెట్టు?’’

‘‘లేదు మేడం. ఏప్రిల్ సంది ఒక్కటి గూడ తాగలే.’’

‘‘అబద్ధం మేడం!’’ చంద్రమ్మ నోటి నుంచి మాట దూకేసింది. ‘‘డబ్బల ఒకటి తక్కువున్నది!’’

తలుపు దగ్గర నర్సు వెనక్కి తిరిగి చూసింది. గోవర్ధన్ ముఖం ఎర్రబడింది.

‘‘ఏ డబ్బా అమ్మా?’’ అంది డాక్టరు.

చంద్రమ్మ అంతా చెప్పింది. ఏడు, ఆరు, అటక, పెత్రమాస. చెబుతున్నంత సేపూ చీర కొంగును వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. డాక్టరు నవ్వు రాకుండా పెదవి బిగబట్టి విన్నది. దీపం దగ్గరికి లాగి, కెమెరాను కుడి నొసటి పైన ఆనించింది. ఒకసారి జరిపింది. మళ్ళీ వెనక్కి తెచ్చింది. ఎంతకీ మాట్లాడదు. ఆ మౌనం ఏమిటో చంద్రమ్మకు తెలిసిపోయింది. చచ్చిన కుదుళ్ళ సంగతి తల్లి ముందు ఎట్లా చెప్పాలా అని చూస్తోంది.

‘‘ఇటు రండమ్మా’’ అంది డాక్టరు. ‘‘మీరు మొలవలేదంటున్న చోటు ఇదే. చూడండి.’’

తెర మీద గులాబీ రంగు చర్మం. అందులో నల్లటి చుక్కలు. చుక్కలు కావు. ఒక్కొక్క దానిలోంచి సూదిమొనంత నలుపు పైకి పొడుచుకొని వస్తోంది. ఒకటి వంగి ఉంది, ఒకటి నిటారుగా ఉంది, ఒకచోట రెండు జంటగా వస్తున్నాయి. వరుసలు వరుసలుగా, సందు లేకుండా.

‘‘నారు లెక్కనే ఉన్నది’’ అంది చంద్రమ్మ.

‘‘అన్నీ ఒక్కసారి బయలుదేరవు. ఇక్కడివి కొంచెం ఆలస్యంగా లేచాయి, అంతే. పూర్తిగా తెలియడానికి ఏడాది పడుతుంది. కానీ కుదుళ్ళు పట్టాయి. అందులో నాకు అనుమానం లేదు.’’

గోవర్ధన్ తెరను చూస్తున్నాడు. కళ్ళార్పడం లేదు. ఒళ్ళోని టోపీ జారి కింద పడింది. వాడు తీసుకోలేదు.

‘‘మరి గా ఒక్కటి తాగిండనుకో మేడం...’’

‘‘అమ్మా!’’ అన్నాడు గోవర్ధన్.

‘‘ఇప్పుడు ఒక్క సిగరెట్టుకు ఊడి పడిపోవమ్మా’’ అంది డాక్టరు. ‘‘ప్రమాదం మొదటి వారాల్లో. అప్పుడు తాగిన వాళ్ళందరికీ పాడవుతుందనీ చెప్పలేం. ఎవరికి పాడవుతుందో ముందుగా తెలియదు కాబట్టే వద్దంటాం. మీ అబ్బాయి ఆ వారాలన్నీ నిలబడ్డాడు. ఈ తల చూస్తే నాకు అట్లాగే అనిపిస్తోంది. ఇక మళ్ళీ మొదలుపెట్టకుండా ఉంటే జుట్టుకే కాదు, గుండెకూ మంచిది.’’

‘‘నా బట్టల పొగతోని ఏం కాలేదు గదా మేడం?’’

‘‘మీ బట్టల పొగ ఏమిటి?’’

అప్పుడు చెప్పింది, పొగ గది సంగతి, బకెట్టు సంగతి, తల ముట్టుకోని సంగతి. డాక్టరు ముఖంలో నవ్వు పోయింది. ‘‘నాలుగున్నర నెలలుగా ముట్టుకోలేదా?’’

‘‘నా చేతులకు గదే బూడిద గదా మేడం.’’

‘‘పక్కన కూర్చొని సిగరెట్టు కాల్చేవాళ్ళ సంగతి చెప్పానమ్మా నేను. బట్టలకంటిన వాసన కుదుళ్ళను చంపదు. ముట్టుకోండి.’’

చంద్రమ్మ కుడిచేతిని కొంగుకు ఒకసారి తుడుచుకుంది. చాలలేదనిపించి మళ్ళీ తుడుచుకుంది. గోవర్ధన్ మెడ వంచాడు. అరచేయి ఆ తల మీద ఆనింది. గరుకు. మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయించిన నెలకు, వాణ్ణి ఒళ్ళో వేసుకొని నిమిరితే అరచేతికి తగిలిన గరుకు, అదే. ఆమె నొసటి నుంచి నడినెత్తి దాకా నిమిరి, కుడి వైపు బిళ్ళ మేర దగ్గర వేళ్ళు ఆపింది. కంటికి నున్నగా కనబడే చోట వేలికి ముళ్ళు తగిలాయి. రెండు చేతులూ వాడి చెంపల మీదుగా తిప్పి తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. పదివేళ్ళూ ఒక్కసారిగా పటపటమన్నాయి. తలుపు దగ్గర నర్సు గట్టిగా నవ్వేసింది.

‘‘దిష్టి గూడ పోయింది మేడం’’ అన్నాడు గోవర్ధన్, కళ్ళు తుడుచుకుంటూ.

* * *

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముందు సీట్లో కూర్చుంది. టోపీ వెనక సీట్లో పడి ఉంది. గోవర్ధన్ అద్దం దించి మోచేయి బయట పెట్టాడు. గాలికి ఎగరడానికి వాడి తల మీద ఇంకా అంత పొడుగు లేదు, అయినా రెండుసార్లు చేత్తో వెనక్కి దువ్వుకున్నాడు.

‘‘డాక్టరమ్మ ముంగట ఇజ్జత్ తీసినవ్ గదనే.’’

‘‘మరి ఆరెట్లయినయ్ రా?’’

‘‘నీ మీద ఒట్టు అమ్మా. గా డబ్బ ముట్టలే. ఎంటికలు రాలిన దినం అటక కింద దాంక పోయిన. స్టూల్ గూడ ఏసిన. గని ఎక్కలే.’’

ఆమెకు నమ్మాలని ఉంది. ఆరు అన్న లెక్క మాత్రం కుదరలేదు.

ఇల్లు చేరేసరికి శివయ్య వెంచరు నుంచి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. పొడుగు మనిషి, మాట తక్కువ. కారు దిగిన కొడుకు తల వైపు చూసి, చెంబు చేతిలో అట్లాగే పట్టుకొని నిలబడ్డాడు. నీళ్ళు పాదాల మీద ధారగా పడుతున్నాయి.

‘‘వచ్చినయా?’’

‘‘వచ్చినయి బాపు. అన్ని పట్టినయట.’’

శివయ్య తల ఊపి చెంబు కింద పెట్టాడు. చంద్రమ్మ ఈసారి గోడ వెంబడి పోలేదు. ముందు తలుపు నుంచే లోపలికి పోయి, స్టూలు వేసుకొని డబ్బా దించి, తెచ్చి వరండా నడుమ పెట్టి మూత తీసింది.

‘‘ఇగ చెప్పుండ్రి. ఏడోది ఎటు వోయింది?’’

‘‘నేను తీసిన’’ అన్నాడు శివయ్య.

‘‘నువ్వా?’’ ఆమె గొంతు లేచింది. ‘‘నీకు బీడీలు సాలక పోరని సిగరెట్ల మీద పడ్డవా? నేనేమో పొద్దుగాల సంది పానం అరచేతుల పెట్టుకొని సచ్చిన!’’

‘‘నాకు గాదు. మా నాయనకు.’’

నిన్న ఆమె డ్యూటీకి పోయాక, వెనక అర్రలో గోపయ్య ఫొటో ముందు శివయ్య విస్తరి వేశాడు. గారెలు, మటన్, గ్లాసు కల్లు. బతికినప్పుడు ఇష్టపడినవన్నీ పెట్టాలి. అన్నం తిన్నాక పొగ లేనిదే లేచేవాడు కాదు గోపయ్య. ఏటా ఒక బీడీ ముట్టించి పటం కింది గూట్లో పెట్టి, పెద్దలు వచ్చి తినిపోవాలని తలుపు దగ్గరికి వేయడం ఆ ఇంట్లో మామూలే.

‘‘బీడీ పెట్టకపోయినవా మరి? నీ జేబుల కట్ట ఉంటది గదా?’’

‘‘లేదు.’’

‘‘ఎందుకు లేదు?’’

శివయ్య తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు. ‘‘తాగితే గదా ఉండనీకె.’’

‘‘ఎప్పటి సంది?’’

‘‘నువ్వు చీపురు తీసుకొని ఎంట పడ్డ దినం సంది.’’

చంద్రమ్మ లెక్క వేసుకుంది. నాలుగున్నర నెలలు. కొడుకు సిగరెట్లు రోజూ లెక్కపెట్టింది. మొగుడి జేబు ఒక్కసారి చూడలేదు. ముప్పై ఏళ్ళుగా దగ్గీ దగ్గీ లేచే మనిషి పొద్దున దగ్గకుండా లేస్తున్నాడని ఆమె చెవి ఎన్నడూ చెప్పలేదు.

‘‘నాకన్న చెప్పకపోతివి?’’

‘‘చెప్తే ఏమైతది? మానేసిండు, ఏం రోగమొచ్చిందో అని దవాఖానకు గుంజుకపోదువు.’’

గోవర్ధన్ నవ్వుతూ వరండా స్తంభాన్ని పట్టుకున్నాడు. ‘‘తాతకు పొగ వెట్టి నన్ను దొంగను జేసినవ్ బాపు! బీడీ తాగే మనిషికి సిగరెట్టు పెడితివి, ఏమన్నడు?’’

‘‘ఏమనలే. కొత్త రకం అనుకున్నట్టున్నడు.’’

ఆరున్నరకు శంషాబాద్ హోటల్లో ప్యాసింజరును ఎక్కించుకోవాలి. గోవర్ధన్ టీ తాగి లేచాడు. టోపీ సంగతి ఎవరూ ఎత్తలేదు. వీధిలో ఆడవాళ్ళు తంగేడు పూలు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మలతో గుంపులుగా పోతున్నారు. వాళ్ళ పక్క నుంచి ఉత్త తలతో కారు దాకా నడిచాడు. రేణుకమ్మ, వాడు పుట్టినప్పటి నుంచి ఎదురింట్లో ఉన్న మనిషి, పళ్ళెం నడుముకు ఆనించుకొని ఆగిపోయింది.

‘‘గా పిల్లగాడు ఎవలే చంద్రమ్మా? మీ ఇంటికి సుట్టమొచ్చిండా?’’

‘‘నా కొడుకే!’’ అని వీధంతా వినబడేట్టు అరిచింది చంద్రమ్మ. ‘‘సూడు మంచిగ! నా కొడుకు గోవర్ధనే!’’

వాడు వెనక్కి తిరిగి ‘‘పోయొస్త అమ్మా’’ అన్నాడు. కారు ఆడవాళ్ళ గుంపును తప్పించుకొని, మెల్లగా మలుపు తిరిగిపోయింది.

శివయ్య మాట నమ్మింది. అయినా కంటితో చూడకపోతే ఆమెకు నిద్ర పట్టదు. చీపురు తీసుకొని వెనక అర్రలోకి పోయి దీపం వేసింది. నేల మీద నిన్నటి మెతుకులు, ఒక పసుపు మరక. అన్నీ ఊడ్చింది. స్టూలెక్కి ఫొటో అద్దం తుడిచింది. రుమాలు చుట్టుకొన్న మామ గోపయ్య, నిన్న వచ్చి తిని వెళ్ళిపోయినవాడు, ఎప్పటిలాగే కొంచెం నవ్వుతున్నట్టున్నాడు. ఆమె చేతిలోని గుడ్డ అలవాటుగా కింది గూటిదాకా పోయి, అక్కడ ఆగింది. ఆగి, గుడ్డను నడుముకు దోపుకొని, ఊపిరి తగలకుండా స్టూలు దిగి, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.

గూట్లో, ఎవరి పెదవీ తగలని దూది కొసకు అంటుకొని, వేలెడు పొడుగున తెల్లటి నుసి విరగకుండా నిలిచి ఉంది.